ఆఫీసు భద్రత నాకు అప్పజెప్పారు. వెనక మెట్ల తలుపుకి తాళం వేయమంటున్నారు, ఏం చేయాలి?

రెండో_అంతస్తు:

నమస్కారం అండి. నేను ఒక సంస్థలో అడ్మిన్ పనులు చూస్తాను. నూట యాభై మంది దాకా ఉంటాం. ఒక పెద్ద భవనంలో రెండు అంతస్తులు మావి, మిగతావి వేరేవాళ్ళవి. కస్టమర్ల గుర్తింపు పత్రాలు, ఖాతాల వివరాలు మా దగ్గర ఉంటాయి, కాగితాల్లో కొన్ని, కంప్యూటర్లలో కొన్ని. రాత్రి షిఫ్టులో కొద్దిమందే ఉంటారు.

ఈమధ్య మీటింగ్ రూమ్‌లోంచి ఒక ల్యాప్‌టాప్ పోయింది. కెమెరా రికార్డింగ్ తీసి చూస్తే తాళం పగలగొట్టిందీ లేదు, కిటికీ దూకిందీ లేదు. ఒకాయన రెండు చేతులతో పెద్ద అట్టపెట్టె పట్టుకొని వచ్చాడు. మా అమ్మాయే కార్డు పెట్టి, పాపం చేతులు ఖాళీ లేవని తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన మర్యాదగా తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా అదే పెట్టె, కాకపోతే అందులో ల్యాప్‌టాప్.

దీనికి కొంతకాలం ముందు ఉద్యోగం పోయిన ఒకాయన రిసెప్షన్ దగ్గరకొచ్చి కేకలు వేసి, కుర్చీ తన్ని వెళ్ళాడు. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఇప్పటికీ ఒక్కతే కూర్చోవడానికి భయపడుతోంది. దాని గురించి పైవాళ్ళెవరూ అడగలేదు గానీ ల్యాప్‌టాప్ గురించి మాత్రం రోజూ అడుగుతున్నారు.

ఇప్పుడు వాళ్ళు చెబుతున్నది ఇదీ. అన్ని తలుపులకీ వేలిముద్ర మెషీన్లు పెట్టాలి. కెమెరాలు రెట్టింపు చేయాలి. వెనక మెట్ల తలుపుకి తాళం వేసి చెవి సెక్యూరిటీ దగ్గర ఉంచాలి. ఈ తలుపు నిజంగానే తలనొప్పి. సిగరెట్ తాగడానికి వెళ్ళేవాళ్ళు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ని అడ్డం పెట్టి తలుపు తెరిచే ఉంచుతారు.

కొన్ని నెలల్లో ఐఎస్ఓ 27001 (సమాచార భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం) ఆడిట్ కూడా ఉంది. వెండర్లు ముగ్గురు కొటేషన్లు ఇచ్చారు, ముగ్గురివీ చదివితే ముగ్గురూ కరెక్టే అనిపిస్తోంది. దేనితో మొదలుపెట్టాలి? వేలిముద్ర కార్డు కన్నా మేలా? ఆ మెట్ల తలుపుకి తాళం వేయొచ్చా?

రిలేబాక్స్:

రెండో అంతస్తు గారూ, ముందు మెట్ల తలుపు సంగతి తేల్చేద్దాం. మిగతావాటిలో తేడా వస్తే సామాను పోతుంది, దీంట్లో తేడా వస్తే మనుషులు పోతారు. తాళం వేయకండి. వేసి తీరాలని ఎవరన్నా పట్టుబడితే ఆ ముక్క మెయిల్లో రాసి పంపమనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. తొమ్మిదో అంతస్తులో ఒకవైపు మెట్ల తలుపుకి తాళం వేసి ఉంది. పనివాళ్ళు సరుకు పట్టుకుపోకుండా అందరూ ఒకే దారిన, సంచులు చూపించి వెళ్ళాలని పెట్టుకున్న ఏర్పాటు అది. మీ పైవాళ్ళు ఇప్పుడు చెబుతున్నదీ అచ్చంగా అదే.

ఆ తలుపు లోపలినుంచి ఒక్క తోపుతో తెరుచుకోవాలి. కార్డు, చెవి, బటన్ ఏదీ అక్కర్లేకుండా. దానికోసమే నడుము ఎత్తులో అడ్డంగా వచ్చే పానిక్ బార్ ఉంటుంది, ఒంటితో నెట్టినా తెరుచుకుంటుంది. తెరవగానే తలుపు దగ్గరే చెవులు గింగురుమనేలా అలారం మోగాలి, అది గార్డు వచ్చి చెవి తిప్పితేనే ఆగాలి. బయటివైపునుంచి లోపలికి రానివ్వకుండా పిడి తీసేయొచ్చు. అయితే ఎత్తైన భవనాల్లో మెట్లమీదున్నవాళ్ళు మళ్ళీ ఏదో ఒక అంతస్తులోకి రాగలగాలని కొన్నిచోట్ల నిబంధన ఉంటుంది. మీ అగ్నిమాపక శాఖని అడిగి గానీ పిడి మీద చెయ్యి వేయకండి. నెట్టిన 15 సెకన్లకి తెరుచుకునే రకం ఉందని ఏ వెండరైనా అంటే, దానికీ రాతపూర్వక అనుమతి చూపించమనండి. అది కూడా ఫైర్ అలారం మోగితే ఆ 15 సెకన్లు ఆగకుండా తెరుచుకునేదే అయి ఉండాలి.

పొగ తాగేవాళ్ళకి వేరే చోటు చూపించండి. చోటు చూపించకుండా అలారం ఒక్కటే పెడితే ఆ వైరు ఎవరో ఒకరు పీకేస్తారు. పీకిన వైరు చివర చక్కగా టేపు చుట్టి ఉండటం కూడా చూశాను, మనవాళ్ళకి పనితనం తక్కువేం కాదు.

ఇక ముఖద్వారం. నేను ఈ తలుపులు బిగించే పనిలోనే ఉన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. కొటేషన్లు పక్కన పెట్టి, స్టూలు ఒకటి తీసుకుని తలుపు దగ్గరకి వెళ్ళండి.

బయటి గోడకి ఉన్న డబ్బా కార్డునో వేలినో చదివే ఉత్త రీడరేనా, లేక తలుపుని తీసే రిలే, అంటే కరెంటు స్విచ్చు, కూడా అందులోనే ఉందా చూడండి. చవక రకాల్లో రెండూ ఒకే డబ్బాలో వస్తాయి. అంటే తలుపుని తెరిచే వైర్లు మీకు కాక, బయట నిలబడినవాడికి అందుబాటులో ఉన్నట్టు. స్క్రూలు విప్పగలిగితే చాలు, వాడికి కార్డూ అక్కర్లేదు, వేలూ అక్కర్లేదు. బయట రీడర్ మాత్రమే ఉండాలి. తలుపు తీయాలా వద్దా అని తేల్చే కంట్రోలర్ లోపల, తాళం ఉన్న గదిలో ఉండాలి, రీడర్ మూత తీస్తే కేక పెట్టాలి. వేలిముద్ర మెషీన్ల కొటేషన్‌లో మొదట చూడాల్సింది ఇదే.

తర్వాత పైన అయస్కాంతం, అదే మ్యాగ్‌లాక్. పెద్దది 1,200 పౌండ్లు, అంటే 540 కిలోల పైచిలుకు బలాన్ని తట్టుకుంటుందని డబ్బా మీద ఉంటుంది. అయస్కాంతానికీ ఇనప ప్లేటుకీ మధ్య ఏమాత్రం ఖాళీ లేనప్పటి మాట అది. తలుపుకి ఉన్న ప్లేటుని చేత్తో పట్టుకుని కదిపి చూడండి, కొద్దిగా ఊగాలి. దాని వెనక రబ్బరు వాషరు పెట్టేది అందుకే, తలుపు కాస్త అటూ ఇటూగా వచ్చి తగిలినా ప్లేటు తనే సర్దుకుని అతుక్కుంటుంది. వదులుగా ఉందనుకుని ఎవరో పుణ్యాత్ముడు స్క్రూ గట్టిగా బిగించేస్తాడు. అక్కణ్ణుంచి ప్లేటు ఒక మూల మాత్రమే ఆనుతుంది, బలం చాలావరకు పోతుంది. పచ్చలైటు, ఎర్రలైటు మాత్రం మామూలుగానే వెలుగుతుంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ప్లేటు ముఖం మీద వేలితో రుద్ది చూడండి. టేపు ముక్క తగిలితే తలుపు తేలిగ్గా రావాలని ఎవరో కావాలనే అంటించారన్నమాట. అతుకు సరిగ్గా పడిందో లేదో చెప్పే సెన్సర్ ఉన్న రకం అడగండి.

లోపలివైపు తలుపు పైన, మనిషి దగ్గరకి రాగానే తెరిచే సెన్సర్ ఉందా? ఉంటే గాజు రెక్కల మధ్య సందు ఎంతుందో చూడండి. ఆ సందులోంచి బయటివాడు ఏదన్నా ఆడించినా, డబ్బాలోంచి గాలి చిమ్మినా సెన్సర్ మనిషి వచ్చాడనే అనుకోవచ్చు. సందుకి బ్రష్ పట్టీ వేయించి, సెన్సర్ చూపుని పక్కకి తిప్పిస్తే సరిపోతుంది.

కరెంటు పోతే మ్యాగ్‌లాక్ తెరుచుకుంటుంది, దాని పుట్టుకే అంత. కాబట్టి బ్యాటరీ ఉండాలి, ఆ బ్యాటరీ బతికే ఉందా అని మెయిన్ ఆపి చూడాలి. ఫైర్ అలారం మోగితే మాత్రం అయస్కాంతానికి వెళ్ళే కరెంటు నేరుగా వైరులోనే తెగాలి. సాఫ్ట్‌వేర్ కబురు పంపితే తెరుచుకుంటుంది అంటే ఒప్పుకోకండి. సర్వర్ గది తలుపుకి మాత్రం ఎలక్ట్రిక్ స్ట్రైక్, అంటే కరెంటు పోయినా బయటినుంచి వచ్చేవాడికి మూసుకునే ఉండే రకం తాళం, పెట్టుకోండి, లోపలున్నవాడు మామూలు హ్యాండిల్ తిప్పి ఎప్పుడైనా బయటికి రాగలగాలి.

కార్డుల సంగతి. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెట్టిన కార్డుని చదివే సౌకర్యం) ఉన్న ఫోను వెనక మీ కార్డు పెట్టి చూడండి. ఫోను ఏమాత్రం పట్టించుకోకపోతే అది బహుశా 125 కిలోహెర్ట్జ్ పాత రకం. రీడర్ దగ్గరకి రాగానే తన నంబరుని దాపరికం లేకుండా చెప్పేస్తుంది, కాపీ తీయడం పిల్లల పని. 13.56 మెగాహెర్ట్జ్ రకంలో కూడా మైఫేర్ క్లాసిక్ అయితే నమ్మకండి, దాని గుప్తలిపిని పరిశోధకులు 2008కే బద్దలు కొట్టి చూపించారు. ఈరోజు కొంటే ఏఈఎస్ అనే గట్టి గుప్తలిపి ఉన్నది, ఉదాహరణకి డెస్‌ఫైర్ ఈవీ2, ఈవీ3 తీసుకోండి. ఇక్కడ ఇంకో మెలిక. ఖరీదైన కార్డు ఇచ్చి, రీడర్‌ని మాత్రం దాని సీరియల్ నంబరు ఒక్కటే చదివేలా పెట్టి పోయే వెండర్లు బోలెడంతమంది. అప్పుడు లోపలున్న ఏఈఎస్ అలంకారమే. పరీక్ష తేలిక: వేరే సంస్థ ఐడీ కార్డో, రవాణా కార్డో తెచ్చి మీ సిస్టంలో కొత్త కార్డుగా నమోదు చేయమనండి. నమోదయిందంటే అది సీరియల్ నంబరే చదువుతోంది.

వేలిముద్ర గురించి ఒక్క మాట. మీ అట్టపెట్టె ఆసామికి కార్డే అవసరం పడలేదు, వేలు అడిగితే మాత్రం ఏం ఆగేవాడు?

ముందు_టేబుల్:

రిలేబాక్స్ గారు తలుపు గురించి చెప్పారు, నేను తలుపు పక్కన ఉండేవాళ్ళ గురించి చెబుతాను. చాలాకాలం రిసెప్షన్‌లో కూర్చున్నాను, ఇప్పుడు గార్డులకీ రిసెప్షన్‌కీ షిఫ్టులు వేస్తున్నాను.

అమ్మా, ముందు ఆ రిసెప్షన్ అమ్మాయి పని చూడండి. ఆమె కూర్చునే చోట మీరు ఒక పూట కూర్చోండి. బల్ల దాటి చెయ్యి చాపితే మనిషి అందుతాడా? అందితే బల్ల వెడల్పు చేయించండి. వెనకాల తప్పించుకోవడానికి తలుపు ఉందా, లేక గోడేనా? బల్ల మీద బరువైనవి, వాడిగా ఉండేవి ఏమున్నాయి? కత్తెర, పంచింగ్ మెషీన్, గాజు బహుమతి, అన్నీ సొరుగులోకి.

బల్ల కింద బటన్ పెట్టిస్తారు, అందరూ పెట్టిస్తారు. అది ఎక్కడ మోగుతుందో మాత్రం ఎవరూ అడగరు. రిసెప్షన్‌లోనే గంట మోగితే ఎదుటివాడికి కోపం ఇంకా పెరుగుతుంది. శబ్దం అక్కడ రాకూడదు, లోపల ఇద్దరు ముగ్గురి ఫోన్లకి, గార్డు గదికి వెళ్ళాలి. వెళ్ళాక ఎవరు వస్తారు, ఎవరు పోలీసులకి ఫోన్ చేస్తారు, లోపలి తలుపు ఎవరు మూస్తారు, ఇవి పేర్లతో సహా రాసి ఉండాలి. నెలకోసారి చెప్పకుండా నొక్కి చూడండి. నొక్కితే ఎవరూ రాని బటన్ కన్నా బటన్ లేకపోవడమే నయం, ఆ పిల్ల కనీసం దాన్ని నమ్ముకుని కూర్చోదు.

ఉద్యోగం తీసేసేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్ళు ఆ రోజే రిసెప్షన్‌కీ గార్డుకీ చెప్పాలి. కారణాలు చెప్పక్కర్లేదు, పేరూ ఫోటో చాలు. మాట్లాడే గది ముఖద్వారానికి దగ్గర్లో ఉండాలి, అందరి మధ్యలోంచి పెట్టె పట్టుకుని నడిపించి పరువు తీయకూడదు. గౌరవంగా పంపిన మనిషి కుర్చీ తన్నడానికి తిరిగి రావడం అరుదు. మాటలు జరుగుతుండగానే కార్డు ఆపేయాలి. కాంట్రాక్టు మనుషుల కార్డులు ఇంకా అధ్వాన్నం, వాళ్ళు వెళ్ళిన సంగతి హెచ్‌ఆర్‌కే తెలియదు. నెలకోసారి జీతాల జాబితా, కాంట్రాక్టర్ల జాబితా, పనిచేస్తున్న కార్డుల జాబితా పక్కపక్కన పెట్టి చూసుకోండి.

వెనకాలే దూరిపోయేవాళ్ళ గురించి. తలుపు పట్టుకోవద్దని పోస్టర్లు అంటిస్తే ఎవరూ మారరు, మర్యాద అడ్డొస్తుంది. వాళ్ళ నోటికి ఒక వాక్యం ఇవ్వండి. మేము ఇచ్చింది ఇదీ: "మీరూ కార్డు పెట్టండి, ఫైర్ అలారం మోగితే లోపల మీరున్నట్టు లెక్కలో ఉండాలి." ఇందులో అనుమానం లేదు, అవమానం లేదు, పైగా నిజం. దానికి తగ్గట్టు డ్రిల్ రోజున ఆ లెక్క తీసి నిజంగా పేర్లు పిలవండి. పెట్టెలు మోసేవాళ్ళ కోసం తలుపు బయట ఒక బల్ల వేయండి, సామాను అక్కడే దించాలి, మనవాళ్ళే లోపలికి తెచ్చుకోవాలి. మీ ల్యాప్‌టాప్ కథ ఆ బల్ల దగ్గరే ఆగిపోయేది.

ఒకచోట కొత్త గార్డు కార్డు లేని పెద్దాయన్ని ఆపాడు. ఆయన డైరెక్టరు. "నేనెవరో తెలుసా" అని కసిరాడు, సాయంత్రానికి గార్డుని మార్చేశారు. ఆ తర్వాత ఆ గేటు దగ్గర ఎవరూ ఎవర్నీ ఆపలేదు. మీ పైవాళ్ళకి ఇది ముందే చెప్పి ఒప్పించుకోండి, ఆపిన గార్డుకి అందరి ముందు మెచ్చుకోలు దక్కాలి. అది కుదరకపోతే ఏ మెషీన్ పెట్టినా దండగే.

విజిటర్ రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంటోందా? వచ్చినవాడల్లా ముందు వచ్చినవాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ చదువుకుంటాడు. విడి స్లిప్పులు పెట్టండి.

పోర్ట్_22:

సర్వర్లు చూసుకునేవాణ్ణి. వేలిముద్ర విషయంలో రిలేబాక్స్ గారితో కొంచెం విభేదిస్తాను. అందరికీ వద్దు గానీ సర్వర్ గదికి కార్డుతో పాటు రెండో పరీక్షగా పనికొస్తుంది. కాకపోతే ముద్ర తాలూకు డేటా ఎక్కడ దాస్తారని అడగాలి. 2019 ఆగస్టులో బయోస్టార్ 2 అనే వ్యవస్థ డేటాబేస్ ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి ఉందని పరిశోధకులు బయటపెట్టారు, అందులో పది లక్షల మందికి పైగా వేలిముద్రలున్నాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలిని ఏం మారుస్తాం? ముద్ర కార్డులోనే ఉండి, కేంద్ర సర్వర్‌లో లేని పద్ధతి అడగండి.

పోయిన ల్యాప్‌టాప్‌కి డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే అందులోని డేటా అంతా గుప్తలిపిలో ఉండే ఏర్పాటు, ఉందా? మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది మీరు రాయలేదు. ఉంటే పోయింది ఒక యంత్రం, లేకపోతే పోయింది కస్టమర్ల వివరాలు. మిగతా ల్యాప్‌టాప్‌లకి ఈ వారంలోనే ఆన్ చేయించండి, దానికి కొటేషన్ కూడా అక్కర్లేదు.

గబగబా మరికొన్ని. సర్వర్ గది గోడలు అసలు స్లాబు దాకా ఉన్నాయా, ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోయాయా? ఒక పలక ఎత్తి టార్చి వేసి చూడండి. ఏసీ నీళ్ళ పైపు ర్యాకు మీదుగా వెళ్తోందా? మీటింగ్ రూమ్ గోడల్లో నెట్‌వర్క్ పోర్టులు ఎప్పుడూ పనిచేస్తున్నాయా? అపరిచితుడు గదిలోకి వస్తే ల్యాప్‌టాప్ ఎత్తుకుపోవడం చిన్న నష్టం, ఆ పోర్టుకి చిన్న డబ్బా తగిలించి పోవడం పెద్దది. కెమెరాల రికార్డర్ కూడా ఒక కంప్యూటరే, దాని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి, విడి నెట్‌వర్క్‌లో పెట్టండి. 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ రికార్డర్లనీ ఏకం చేసి పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టింది. కెమెరా గడియారం, కార్డుల సిస్టం గడియారం ఒకే టైము చూపిస్తున్నాయా? నాలుగు నిమిషాల తేడా ఉంటే తలుపు తీసినవాడు ఎవరో, కెమెరాలో ఉన్నవాడు ఎవరో కలవరు. రికార్డింగ్ ఎన్నాళ్ళు అనేదానికి ఒక్క జవాబు లేదు. బ్యాంకు కార్డు చెల్లింపుల డేటా ఉంటే, దాని భద్రతకి పెట్టిన పీసీఐ నియమం ప్రకారం ఆ డేటా ఉన్న గది ప్రవేశాల రికార్డు కనీసం మూడు నెలలు ఉంచాలి.

యూపీఎస్ బ్యాటరీలు సర్వర్ల పక్కనే ఉంటే విడి గదిలోకి మార్చండి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం, 858 టెరాబైట్లు, బ్యాకప్ లేక బూడిదైంది. కెమెరాలు రెట్టింపు చేసే డబ్బుంటే ముందు బ్యాకప్ ఇంకో చోట ఉందా చూసుకోండి.

పాత డిస్కులు ఎవరికిస్తున్నారు? అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ పాత సర్వర్లని తీసేసే పనిని డేటా చెరిపే అనుభవమే లేని సామాను తరలింపు సంస్థకి అప్పజెప్పింది. కస్టమర్ల వివరాలున్న పరికరాలు కొన్ని వేలంలో తేలాయి, 2022లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఫోటోకాపీ మెషీన్‌లో కూడా హార్డ్ డిస్క్ ఉంటుంది, అద్దె గడువు అయిపోయి వెనక్కి ఇచ్చేటప్పుడు గుర్తుపెట్టుకోండి. అయస్కాంతంతో చెరిపే మెషీన్ ఎస్‌ఎస్‌డీల (డేటాని చిప్పుల్లో దాచే డిస్కులు) మీద పనిచేయదు, వాటిని ముక్కలు చేయాల్సిందే.

చిన్నకంపెనీ:

ఇంత చదివాక నాకైతే ఆఫీసు కాదు, కోట కడుతున్నట్టుంది. ఒక స్నేహితుడికి పెట్టె ఇచ్చి లోపలికి దూరమంటే సరిపోదా? దూరితే ఎక్కడ లోపమో అదే తెలుస్తుంది. మేము అలాగే చేద్దామనుకుంటున్నాం.

రిలేబాక్స్:

ఆలోచన మంచిదే. సంతకాలున్న ఉత్తరం లేకుండా మాత్రం చేయకండి. 2019 సెప్టెంబర్‌లో అమెరికాలోని అయోవాలో ఒక కోర్టు భవనం భద్రత పరీక్షించడానికి రాష్ట్ర న్యాయ విభాగం కోల్‌ఫైర్ అనే సంస్థని పెట్టుకుంది. రాత్రి అలారం మోగి, ఆ సంస్థ మనుషులిద్దరూ అరెస్టయి జైల్లో పడ్డారు. చేతిలో అనుమతి పత్రం ఉంది, కానీ భవనం జిల్లా అధికారులది, వాళ్ళకి ముందు తెలియదు. కేసు కొట్టేయడానికి తర్వాతి ఏడాది జనవరి దాకా పట్టింది. రెండో అంతస్తు గారిది కూడా అద్దె భవనంలా ఉంది కాబట్టి చెబుతున్నాను, భవనం యజమాని సంతకం కూడా కావాలి. దూరేవాడి జేబులో ఉత్తరం, అందులో రాత్రివేళ కూడా ఫోనెత్తే ఇద్దరి నంబర్లు. గార్డు కొట్టాక ఉత్తరం చూపించి లాభం లేదు, అందుకని పగలు చేయండి.

పట్టుబడితే ఎవరు పట్టుకున్నారో ఆ పేరు చెప్పండి. దూరిపోగలిగితే తలుపు పట్టుకున్న ఉద్యోగి పేరు మాత్రం ఎక్కడా రాయకండి. రాస్తే రేపటినుంచి ఎవరూ ఏమీ చెప్పరు.

రెండో_అంతస్తు:

అందరికీ చాలా థ్యాంక్స్. చెప్పినవి కొన్ని చేశాను.

ట్రయాంగిల్ కథ చదివి వినిపించాక మెట్ల తలుపు తాళం మాట ఆగిపోయింది, పానిక్ బార్‌కి ఒప్పుకున్నారు. మ్యాగ్‌లాక్ ప్లేటు బాగానే ఊగుతోంది. ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి చూశాను. టార్చి కూడా అక్కర్లేకపోయింది, పక్క సంస్థవాళ్ళ ట్యూబ్‌లైట్ వెలుతురు మా సర్వర్ల మీద పడుతోంది. పైవాళ్ళకి ఫోటో పంపగానే ఇద్దరు పరుగున వచ్చి చూసి వెళ్ళారు. ల్యాప్‌టాప్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందని ఐటీ వాళ్ళు రాతలో ఇచ్చారు, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. రిసెప్షన్ బల్ల వెనక గోడకి తలుపు పెట్టిస్తున్నారు. అప్పటిదాకా ఆ అమ్మాయి పక్కన ఇంకొకరు కూర్చుంటారు.

మా కార్డుని ఫోను పట్టించుకోలేదు, అంటే పాత రకమే. వెండర్ ఒకాయన పాతవీ కొత్తవీ రెండూ చదివే రీడర్లు పెడతాను, కార్డులు మెల్లగా మార్చుకోండి అంటున్నారు. బాగానే ఉంది కదా? ఇంకోటి, ఆడిటర్ వస్తే ఇవన్నీ చూస్తారా, కాగితాలే అడుగుతారా?

రిలేబాక్స్:

రెండూ చదివే రీడర్ మంచిదే, మార్పు నడిచినన్నాళ్ళు. ఆ తర్వాత పాతది చదవడం ఆపకపోతే మాత్రం మీరు కొత్త కార్డులకి పెట్టిన డబ్బు వృథా, ఎందుకంటే కాపీ తీసేవాడు పాత కార్డే కాపీ తీస్తాడు, రీడర్ దానికీ తలుపు తీస్తుంది. అందరికీ కొత్త కార్డులు అందాక ఫలానా తేదీన ప్రతి రీడర్‌లో 125 కిలోహెర్ట్జ్ చదవడం ఆపుతానని కొటేషన్‌లోనే రాయించుకోండి. రీడర్‌నుంచి కంట్రోలర్‌కి వెళ్ళే వైరు గురించి కూడా అడగండి. వీగాండ్ అనే పాత పద్ధతి అంటే నంబరు ఆ వైరులో గుప్తలిపి లేకుండా పోతుంది. నంబరుని గుప్తలిపిలో పంపే ఓఎస్‌డీపీ సెక్యూర్ చానెల్ అడగండి, ఫ్యాక్టరీ కీ మార్చి ఇవ్వాలని కూడా రాయండి. లేకపోతే ఆ పని జరగదు, ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను.

ఆడిటర్ రెండూ చూస్తారు. 2022 నాటి ఐఎస్ఓ 27001లో మొత్తం 93 నియంత్రణలుంటే భౌతిక భద్రతవి 14, ఏడో విభాగంలో 7.1 నుంచి 7.14 దాకా. ప్రాంగణంపై నిరంతర నిఘా గురించిన 7.4 ఆ ఏడాది కొత్తగా చేరింది, చాలా ఆఫీసులు అక్కడే తడబడతాయి. కెమెరా ఉందని చెబితే చాలదు, అలారం మోగిన ఒక సంఘటన తీసి, ఎవరు చూశారు, ఏం చేశారు, ఎక్కడ రాశారు అని అడుగుతారు. టేబుళ్ళ మీద కాగితాలు, లాక్ చేయని స్క్రీన్లు చూడటానికి అలా నడుచుకుంటూ వెళ్తారు, అది 7.7. ముందు టేబుల్ గారు చెప్పిన నెలవారీ కార్డుల జాబితా, బటన్ నొక్కి చూసిన తేదీలు, పానిక్ బార్ అలారం ఆపిన గార్డు సంతకాలు ఇప్పట్నుంచే ఒక ఫైల్లో పెట్టుకుంటూ రండి. ఆడిట్ ముందు రోజు ఒకే పెన్నుతో రాసిన రిజిస్టరుని వాళ్ళు చూడగానే పట్టేస్తారు.

వెండర్ చివరి చెల్లింపుని పాత కార్డు ఒకటి ప్రతి రీడర్ దగ్గరా పెట్టి చూసి, ఏదీ తెరుచుకోలేదని తేలాకే ఇవ్వండి.